తొమ్మిది నుంచి వెనక్కి

ఆ రోజు తెల్లవారేటప్పటికి ఇంట్లో ఆరుగురు ఉన్నారు. ఆళ్లగడ్డ పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేస్తూ ఊళ్లో చర్చికి సంఘ పెద్దగా ఉన్న సంజీవయ్య, ఆయన భార్య కమలమ్మ, ఎరువుల అంగట్లో గుమాస్తా అయిన కొడుకు పౌలు, వేవిళ్లు ఇంకా పూర్తిగా పోని కోడలు సలోమి, పదో తరగతి చదివే కూతురు లూదియా. ఆరో మనిషి కమలమ్మ అక్క జీవమ్మ. కోయిలకుంట్ల నుంచి ముందురోజు సాయంత్రమే బస్సు దిగింది. ఆమె రాకుండా ఉంటే బాగుండేదని లూదియా తర్వాత చాలాసార్లు అనుకుంది. కానీ ఆమె చేసిందేమీ లేదు. చేసిందంతా లూదియా నోరే.

ఆ నోరు మామూలుగా తెరుచుకునేది కాదు. బళ్లో హాజరు పిలిస్తే పలకడానికి కూడా గొంతు తడారిపోయేది. ఇంట్లో ఏమడిగినా తల ఊపడమే జవాబు. చెప్పుకోవలసినవేమైనా ఉంటే డైరీలో రాసుకునేది. అందులో కూడా చిన్న చిన్న అక్షరాలే. ఆమె గలగలా మాట్లాడేది ఒక్క చోట, పెరట్లో, వదిన జడ వేసేటప్పుడు.

సలోమిది పగిడ్యాల. పదో తరగతి లెక్కల్లో తప్పిన ఏడాదే పెళ్లయి ఈ ఇంటికి వచ్చింది. ఆ ఒక్క సబ్జెక్టు గట్టెక్కితే నంద్యాలలో టీచరు ట్రైనింగుకు పెట్టుకోవచ్చని ఆమె ఆశ. పెళ్లైన కొత్తలో ఆ మాట మొగుడితో అంటే అతను నవ్వాడు. పౌలు కూడా లెక్కల్లోనే తప్పినవాడు. మళ్లీ మళ్లీ కట్టి, మళ్లీ మళ్లీ తప్పి, చివరికి పుస్తకాలు కమ్మరంగడి పక్కన చిత్తు కాగితాలవాడికి వేసి వచ్చినవాడు. ఆ ఇంట్లో పరీక్ష అనే మాట అతని ముందు ఎవరూ ఎత్తేవారు కాదు.

అందుకే చదువు పెరట్లోకి వచ్చింది. రోజూ పొద్దున లూదియా బండ మీద కూర్చునేది, వెనుక సలోమి నిలబడి దువ్వెన పట్టుకునేది. లూదియా ఒడిలో లెక్కల పుస్తకం ఉండేది. చూసినవాళ్లకు పిల్ల చదువుకుంటోంది, వదిన తల దువ్వుతోంది. నిజంగా చదువుకునేది దువ్వే మనిషేనని ఎవరికీ అనుమానం రాలేదు.

"జీ ఓ ఎఫ్ ఆఫ్ ఎక్స్ అని రాసినారు. జీ ముందుండాది కదా, జీ ముందు చెయ్యల్లని నేనంటా," అనేది సలోమి.

"కాదు వదినా. ఎక్స్ పక్కన ఎవరుంటే వాళ్లది ముందు. ఎఫ్ పక్కనుండాది. ఎఫ్ చేసినాకనే జీ."

"అంటే పక్కనుండేది మొగుడు, ఆ పక్కన అత్త. మొగుడు చెప్పింది చేసినాక, దాని మీద అత్త చెప్పింది చెయ్యల్ల."

లూదియా నోరు మూసుకుని నవ్వేది. "అట్లనే అనుకో. మర్చిపోవు."

చేసిన లెక్కను వెనక్కి తిప్పే విలోమ ప్రమేయం దగ్గర జడే పనికొచ్చింది. ముందు పాయలు తీస్తాము, తర్వాత అల్లుతాము, చివర రిబ్బను కడతాము. విప్పేటప్పుడు ముందు రిబ్బను, తర్వాత అల్లిక, చివరికి పాయలు. కడపట చేసింది ముందు విప్పాలి. ఆ రోజు నుంచి సలోమి విలోమాలు ఒక్కటి కూడా తప్పలేదు. రెండు ఘాతం ఎక్స్ ఎంత తొందరగా పెరుగుతుందో చెబితే, "తెలుసులే. మీ జీవమ్మ పెద్దమ్మ చెవిన ఒక మాట వేసినట్ల," అంది.

ఒక్కచోట మాత్రం ఆమె దువ్వెన ఆగిపోయింది. ఎక్స్ స్క్వేరుకు విలోమం ఎందుకు లేదని అడిగింది.

"మూడును వర్గం చేస్తే తొమ్మిది. మైనస్ మూడును చేసినా తొమ్మిదే. ఇప్పుడు నీ చేతిలో తొమ్మిది ఉండాది. అది యాడి నుంచి వచ్చిందో చెప్పు," అంది లూదియా.

సలోమి దువ్వెన పళ్లను వేలితో గీసింది. "ఎట్ల తెలుస్తాది?"

"తెలీదు. అందుకే వెనక్కి దారి లేదు."

"పాపము," అంది సలోమి, ఎవరినో తలచుకున్నట్టు. మళ్లీ దువ్వడం మొదలుపెట్టింది.

సెప్టెంబరు పరీక్షకు దరఖాస్తు ఫారం బడి నుంచి తెచ్చింది లూదియానే. హాలు టిక్కెట్టు తెచ్చిందీ ఆమే. పరీక్ష నంద్యాలలో. ఇంట్లో ఏం చెప్పి పోవాలన్నది తేలలేదు. కడుపు చూపించుకోవాలంటే అత్త వెంట వస్తుంది. సలోమి పెదవి కొరుక్కుంటూ, "పోనీలే, మామతో నిజమే చెప్పేస్తా," అంది.

"వద్దొద్దు. పన్ను నొప్పి అని చెప్పు వదినా. పన్నుకైతే అమ్మ రాదు. తోడు నన్ను పంపిస్తాది," అంది లూదియా.

ఆ మాట పుట్టింది లూదియా నోటి నుంచి. వదిన ఒప్పుకోలేదు. లూదియానే మూడు రోజులు వెంటపడి ఒప్పించింది. అలా రెండు దినాలు సలోమి దవడకు లవంగం నూనె రాసుకుని తిరిగింది. సంజీవయ్య జాలిపడి, "నంద్యాలకు పోయి చూపించుకో తల్లీ. లూదియాను తోడు తీసుకపో," అన్నాడు. మార్చికి మళ్లీ పరీక్ష ఉంటుంది కానీ, మార్చికి సలోమి ఒడిలో చంటిబిడ్డ ఉంటుంది. ఇదొక్కటే దారి అని ఇద్దరికీ తెలుసు.

పరీక్ష వేళకు అందే బస్సు ఒక్కటే. పొద్దున కోయిలకుంట్ల నుంచి వచ్చి, ఊరి కాలవ మలుపులో హారను కొట్టి, చింతచెట్ల కాడ ఆగి, ఆళ్లగడ్డ మీదుగా నంద్యాల పోతుంది. అది తప్పితే మళ్లీ మిట్టమధ్యాహ్నమే.

ఆ పొద్దున సలోమి నీలం చుక్కల చీర కట్టుకుంది. దవడకు గుడ్డ కట్టుకుంది. బయలుదేరే ముందు ఇంటి ప్రార్థన. ఆ ఇంట్లో అది తప్పదు. సంజీవయ్య వాక్యం చదివిన తర్వాత ఎవరో ఒకరు ప్రార్థన చేయాలి. కళ్లు మూసుకుని చేసే ఆ ప్రార్థన మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు, లేవకూడదు. ఆమెన్ అనేదాకా ఇల్లు కదలకూడదు.

సాధారణంగా లూదియా వంతు వస్తే పరలోక ప్రార్థన గబగబా ఒప్పజెప్పి ముగించేది. ఆ రోజు ఆమె వంతు కూడా కాదు. జీవమ్మే కలగజేసుకుంది.

"ఏం కమలా, ఈ పిల్లకు నోరుందా ల్యాదా? నిన్న సాయంత్రం నుంచి చూస్తాండా, ఒక్క మాట ఇనపడల్యా."

"సిగ్గక్కా దానికి. చదువులో మాత్రం ముందుంటాది. మా ఇంట్లో పది పాసయ్యే మొదటి మనిషి మా లూదియానే," అంది కమలమ్మ. ఆమె ఆ మాట వచ్చినవాళ్లందరితో అనేది. అన్నప్పుడల్లా పౌలు చూపు గోడ మీదికి పోయేది. లూదియా చూపు నేల మీదికి పోయేది. కానీ లోపల ఎక్కడో ఆ మాట తియ్యగానే ఉండేది.

"అట్లయితే ఈ దినము ఇదే ప్రార్థన చెయ్యనీ మరిదీ," అంది జీవమ్మ సంజీవయ్యతో. "చిలక పలుకులు కాదమ్మే, సొంతంగా చెయ్. మీ వదిన పన్ను బాగు కావల్లని పేరుపెట్టి అడుగు."

"చెయ్ తల్లీ," అన్నాడు సంజీవయ్య.

అందరూ కళ్లు మూసుకున్నారు. లూదియా కూడా మూసుకుంది.

"పరిశుద్ధుడవైన తండ్రీ... రాత్రంతా మమ్మల్ని కాచినందుకు స్తోత్రము. ప్రభువా, ఈ దినము మా వదిన పన్ను..."

అక్కడ ఆగిపోయింది. నాయనతో చెప్పగలిగింది. అమ్మతో చెప్పగలిగింది. కళ్లు మూసుకుని, చేతులు జోడించి, దేవుడితో లేని పన్ను నొప్పి ఎలా చెప్పేది? పక్కన సలోమి మోకాలు తన మోకాలికి తగిలి మెల్లగా నొక్కింది. ఆ నొక్కుడు 'చెప్పు, చెప్పేసి ముగించు' అన్నట్టు ఉంది. లూదియాకు మాత్రం పెరట్లో బండ మీద కూర్చున్నట్టు, వెనుక వదిన ఉన్నట్టు అనిపించింది.

"ప్రభువా, నీకన్నీ తెలుసు. మా వదినకు పన్ను నొప్పి ల్యాదని నీకు తెలుసు. ఈ దినము ఆమె నంద్యాలలో లెక్కల పరీక్ష రాస్తాంది. జీ ఓ ఎఫ్ వచ్చినప్పుడు ఎఫ్ ముందని ఆమెకు గుర్తు చెయ్ తండ్రీ. విలోమము వచ్చినప్పుడు తొందరపడకుండా చూడు. పోయినసారి మాదిరి చెయ్యి వణకకుండా నీ చెయ్యి ఆమె చేతి మీద పెట్టు. మా అన్నకు కోపము రానియ్యొద్దు. ఈ అబద్ధమును క్షమించు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమెన్."

అంత మనసారా ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ప్రార్థన చేయలేదు. అలవాటు కొద్దీ అందరూ ఆమెన్ అన్నారు. పౌలు కూడా అన్నాడు. అన్న తర్వాత కళ్లు తెరిచాడు.

మొదట నవ్వింది జీవమ్మ. "పిల్లకు నోరు ల్యాదంటివే కమలా!"

కమలమ్మ లేచి వచ్చి సలోమి దవడకు కట్టిన గుడ్డను ఒక్క లాగు లాగింది. "పన్ను యాడ పాయె? లవంగం నూనె అంతా వొలకబోస్తివే, యాడ పాయె పన్ను? మొగుడు తప్పిన పరీక్ష పెండ్లాము రాస్తాదంటనా? రాసి, ఆయప్ప మొకాన కొట్టల్లనా?"

"అత్తా, ఎవరి మొకాన కొట్టేదానికీ కాదు..."

"నాకొక మాట చెప్పింటే ఏమి?" అన్నాడు పౌలు. అతను అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "చంపేస్తాంటినా?"

"చెప్పినా. పెండ్లైన కొత్తలో చెప్పినా. నవ్వినావు."

పౌలు గూట్లో ఉన్న సలోమి చేతిసంచి తీసి, అందులోంచి హాలు టిక్కెట్టు బయటికి తీసి, దాని మీద అంటించిన ఫోటోను చూస్తూ నిలబడ్డాడు. ఆ కాగితం ఎలా ఉంటుందో అతనికి ఆ ఇంట్లో అందరికంటే బాగా తెలుసు.

సంజీవయ్య బైబిలు మూసి పక్కన పెట్టాడు. ఆయన కోపం అరుపుల్లో ఉండేది కాదు.

"కమలా, నువ్వు ఊరుకో. అమ్మాయ్ సలోమీ, పరీక్ష రాసేది తప్పని నేననను. చదువు దేవుడిచ్చేది. నువ్వు నన్నడిగింటే నేనే బస్సెక్కిస్తాంటి. కానీ నా ఎదురుంగ లేని నొప్పి చూపిస్తివి. నేను రాత్రి నీ పన్ను కోసము ప్రార్థన చేసినా. నన్ను దేవుని ముందర ఎర్రిగొర్రెను చేస్తిరి. ఈ అబద్ధము పుట్టించిన మనిషి ఈ దినము నా గడప దాటేదానికి ల్యా. చెప్పండి. పన్ను నొప్పి మాట ఎవరిది?"

సలోమి తల తిప్పి లూదియా వైపు చూసింది. అందులో బతిమాలడం లేదు, బెదిరింపు లేదు. పెరట్లో లెక్క ఇచ్చి జవాబు కోసం చూసినట్టే చూసింది. ఒక్క మాట చాలు. 'నాదే నాయనా' అంటే చాలు. లూదియా ఇంట్లో ఉండిపోతుంది, వదిన ఒక్కతే అయినా బస్సెక్కుతుంది.

లూదియా చాప అంచున ఊడిన పోగును చూసింది. ఆ పోగును వేలికి చుట్టింది. ఇంతకు ముందే దేవుడితో అంత మాట్లాడిన నోరు ఇప్పుడు కుట్టేసినట్టు మూసుకుపోయింది. అమ్మ చూస్తోంది, పెద్దమ్మ చూస్తోంది, నాయన చూస్తున్నాడు. చుట్టిన పోగును విప్పింది. మళ్లీ చుట్టింది.

కాలవ మలుపులో బస్సు హారను కొట్టింది.

"నాదే మామా," అంది సలోమి.

చెప్పి కూడా ఆమె చూపు తీయలేదు. ఇంకా టైముంది అన్నట్టు లూదియానే చూస్తోంది. బస్సు చింతచెట్ల కాడ ఆగిన చప్పుడు వినిపించింది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. కండక్టరు రెండుసార్లు బస్సును తట్టాడు. చప్పుడు ఆళ్లగడ్డ వైపు సాగి సాగి, చివరికి వినిపించకుండా పోయింది.

అప్పుడు సలోమి చూపు తీసేసింది. లేచి తన గదిలోకి వెళ్లింది.

ఇంటి పని మళ్లీ మొదలైంది. కమలమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టింది. పౌలు హాలు టిక్కెట్టును నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని, మళ్లీ విప్పి పెట్టుకున్నాడు. సంజీవయ్య చెంబుతో ముఖం కడుక్కుంటుంటే లూదియా ఆయన వెనుక నిలబడింది.

"నాయనా. పన్ను నొప్పి మాట నాది."

ఆయన తుడుచుకోవడం ఆపాడు.

"వదిన నీతో నిజము చెప్తానన్న్యాది. నేనే వద్దంటి. ఫారము తెచ్చిందీ నేనే. వదిన నన్ను కాపాడేదానికి తనదని చెప్పింది."

నాలుక తడారలేదు. అంత సులువైన మాట అది. సంజీవయ్య ముఖం మీద నీళ్లు గడ్డం మీదికి కారుతూనే ఉన్నాయి. రోడ్డు వైపు చూశాడు. రోడ్డు మీద దుమ్ము కూడా అణిగిపోయింది.

"ఇప్పుడు చెప్తాండావా తల్లీ," అన్నాడు. కొట్టి ఉంటే లూదియాకు కొంచెం ఊపిరి ఆడేది.

లోపలి నుంచి విన్న పౌలు గుమ్మం దగ్గరికి వచ్చాడు. జేబులోంచి మడతల కాగితం తీశాడు. "నాయనా, సైకిలు మీద ఆళ్లగడ్డ దాకా... ఆడ ఇంగో బస్సు..." అని ఆగిపోయాడు. సైకిలు మీద ఆళ్లగడ్డ చేరేటప్పటికి నంద్యాలలో గంట కొడతారని, అందులోనూ కడుపుతో ఉన్న మనిషిని ఆ గుంతల రోడ్డులో కూర్చోబెట్టలేమని అతనికి తెలుసు. అయినా కాగితాన్ని తొడ మీద పెట్టి మడతలు పోయేటట్టు రుద్దుతూ కూర్చున్నాడు.

"మార్చిలో రాయనీలేప్పా. అందరమూ చూసుకుందాము," అన్నాడు సంజీవయ్య.

"మార్చికా?" అంది జీవమ్మ. "మార్చికి ఉయ్యాల ఊపేదెవరు, మీరా? సరే కమలా, నేను మధ్యాహ్నం బస్సుకు పోతా." సాయంత్రానికి కోయిలకుంట్లలో ఒకరికి తెలుస్తుంది. ఒకరి నుంచి ఇద్దరికి, ఇద్దరి నుంచి నలుగురికి. ఆ లెక్క లూదియాకు వచ్చు.

కమలమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండానే, "లూదియా, వదినకు కాఫీ తీసుకపోయి ఇయ్యి," అంది. ఆమె గొంతులో కూడా కారం తగ్గింది. "తాగకపోతే నేనొస్తా అని చెప్పు."

లూదియా ఒక చేత్తో కాఫీ గ్లాసు, ఇంకో చేత్తో దువ్వెనా రిబ్బనూ పట్టుకుని గదిలోకి వెళ్లింది. సలోమి అప్పటికే నీలం చుక్కల చీర మార్చుకుని, దాన్ని మడిచి ట్రంకులో పెడుతోంది.

"వదినా. నాయనతో చెప్పేసినా. ఆ మాట నాదే అని."

"ఇన్యా."

"భయమేసింది వదినా. అందుకే అప్పుడు నోరు రాల్యా."

సలోమి ట్రంకు మూసి దాని మీద కూర్చుంది. "భయమేనా?"

"భయమే."

"ఈ ఇంట్లో పది పాసయ్యే మొదటి మనిషివి నువ్వు కావల్లని మీయమ్మ రోజూ చెప్తాది. నీకు బాగుంటాది ఆ మాట. నేను చూసినా, నీ చెవులు ఎర్రబడతాయి. నేను తప్పు పట్టల్యా. కానీ నువ్వు భయానికి మాట్లాడల్యానో, మనసొప్పక మాట్లాడల్యానో, నాకెట్ల తెలుస్తాది పిల్లా? నా చేతిలో ఉండేది తొమ్మిదే కదా."

లూదియా నోరు తెరిచింది. 'భయమే వదినా, ప్రమాణం' అనబోయింది. ఆ మాట పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. చాప పోగును వేలికి చుట్టుకుంటున్నప్పుడు లోపల ఏముంది? భయం ఉంది. భయం కింద, చాలా అడుగున, ఇంకేమైనా ఉందా? ఎంత వెనక్కి పోయి వెతికినా ఆమెకు కూడా తెలియలేదు. కడపట చేసింది ముందు విప్పాలని తనే నేర్పింది. విప్పింది కూడా. నాయనకు చెప్పింది. అయినా వెనక్కి దారి దొరకలేదు. కళ్లలోంచి నీళ్లు కాఫీ గ్లాసులో పడ్డాయి.

సలోమి గ్లాసు తీసుకుని కిటికీలో పెట్టింది. లూదియా భుజాలు పట్టి అటు తిప్పింది. దువ్వెన తీసుకుంది. ఎప్పటిలాగే పాయలు తీసింది, అల్లింది. ఎప్పటికంటే గట్టిగా అల్లింది. ఒక్క లెక్క లేదు. రిబ్బను రెండు ముడులు వేసి, దువ్వెన చేతిలో పెట్టింది.

"వదినా, రేపు పొద్దున పెరట్లో..."

"బడికి పొద్దుపోతాంది. పో," అంది సలోమి. మెల్లగా వీపు మీద చెయ్యి వేసి గడప దాటించి, తలుపు వేసుకుంది.